సర్వీసు తప్పని కారు, బిగుసుకుపోయిన కాలిపర్ పిన్ను: ఒక బ్రేకు కేసు

ఈ బండికి సర్వీసు ఎప్పుడూ తప్పలేదు. 10,000 కిలోమీటర్లో, ఏడాదో, ఏది ముందొస్తే దానికి షోరూమ్ సర్వీసుకి వెళ్ళింది. బిల్లులన్నీ ఒక ఫైల్లో తేదీల వరసలో ఉన్నాయి. అయినా సింగిల్ రోడ్డు మీద గట్టిగా బ్రేకు వేస్తే ఎదురొచ్చే లారీల వైపు లాగేసే స్థితికి వచ్చింది. సర్వీసు చేయించని బండి చెడిపోతే కారణం వెతకక్కర్లేదు. అన్నీ చేయించిన బండి ఇలా అయితే, ఆ "అన్నీ"లో ఏం లేదో వెతకాలి. అందుకే ఈ కేసు పూర్తిగా రాస్తున్నాను. బండి మోడలు, ఓనరు ఊరు, సర్వీసు జరిగిన చోటు కావాలనే వదిలేశాను. ఇందులోని తప్పు ఏ ఒక్కరిదీ కాదు, పద్ధతిది.

బండి ఎక్కడ తిరిగింది

మా షెడ్డు ఒంగోలులో. ఇక్కడికొచ్చే బండ్లు తిరిగే నేలను బట్టి మూడు రకాలు. కొత్తపట్నం, సింగరాయకొండ వైపు నుంచి వచ్చేవి ఉప్పుగాలి తిన్నవి. చీమకుర్తి వైపువి గ్రానైట్ దుమ్ము తిన్నవి. పొదిలి, కనిగిరి వైపువి ఎండకీ గుంతలకీ అరిగినవి. ఒకే కంపెనీ, ఒకే మోడలు, ఒకే ఏడాది బండ్లే అయినా కింద నుంచి చూస్తే మూడూ మూడు రకాలుగా ఉంటాయి. సర్వీస్ బుక్కు మాత్రం మూడింటికీ ఒకటే.

ఇది మొదటి రకం. ఆరేళ్ళు దాటిన డీజిల్ హ్యాచ్‌బ్యాక్. ముందు డిస్కులు, వెనక డ్రమ్ములు. మీటరు 68,000 కిలోమీటర్లు దాటింది. ఓనరు రొయ్యల చెరువులు చూసుకుంటారు. తారు రోడ్డు దిగి గ్రావెల్ బాట, అది దాటి చెరువు గట్టు. రాత్రిళ్ళు బండి గట్టు మీదే, చెరువు నీటికి గాలి అందించే ఏరియేటర్లు తిరిగే చోటికి దగ్గర్లో ఉంటుంది. ఏరియేటర్ చక్రం చిమ్మే నీరు సన్నటి తుంపరగా గాలిలో లేస్తుంది. అది ఉప్పుటేటి నీరు. తెల్లారేసరికి అద్దం మీద తెల్లటి పొర కనిపిస్తుంది. అద్దాన్ని తుడుస్తారు. అదే పొర, ప్యాడ్లతో డిస్కుని పట్టి ఆపే కాలిపర్ మీదా, బ్రేకు పైపుల మీదా, ఆర్మ్ బోల్టుల మీదా ఉంటుంది. దాన్ని ఎవరూ తుడవరు. దీనికి తోడు డిక్కీలో తరచూ మేత బస్తాలు.

వారంలో ఒకటి రెండుసార్లు ఇదే బండి 16వ నంబరు జాతీయ రహదారి ఎక్కి నెల్లూరు వైపు వెళ్ళొస్తుంది. అంటే చెరువు దగ్గర నానిన బ్రేకు మీద హైవేలో పూర్తి వేగంలో ఆధారపడాలి.

ఫిర్యాదు

"బ్రేకు గట్టిగా వేస్తే కుడికి లాగేస్తోంది మేస్త్రీ. అలైన్‌మెంట్ చేయించా, ముందు టైర్లు రెండూ కొత్తవి వేయించా. పోలేదు" అన్నారు ఓనరు. గతుకుల్లో ముందు నుంచి లొడలొడ శబ్దం కూడా వస్తోందన్నారు గానీ, అది రెండో మాటగా చెప్పారు.

వెంటనే జాకీ ఎత్తకుండా ముందు ప్రశ్నలడిగాను. బ్రేకు వేయనప్పుడు లాగుతోందా? "కొంచెం ఎడమకి పోతున్నట్టు ఉంటది, పెద్దగా కాదు." ఊళ్ళో మెల్లగా పోయేటప్పుడు బ్రేకు వేస్తే? "ఏం తెలీదు." 80లో? "అప్పుడే భయం వేస్తది." పెడల్ మెత్తగా దిగిపోతోందా? "లేదు, గట్టిగానే ఉంది." బ్రేకు వేస్తే స్టీరింగ్ వణుకుతోందా? "వణకదు, తిరుగుద్ది."

ఈ జవాబులతోనే చాలా దారులు మూసుకుపోయాయి. వణుకు లేదంటే డిస్కు వంకర పోలేదని దాదాపు చెప్పొచ్చు. పెడల్ గట్టిగా ఉందంటే లైన్లో గాలి లేదు. 80లో ఉన్న బండి శక్తి 40లో ఉన్నదానికి నాలుగింతలు. రెండు పక్కల బ్రేకుల్లో తేడా ఉంటే అది ఊళ్ళో దాక్కుంటుంది, హైవేలో బయటపడుతుంది. కాబట్టి 80లోనే తెలుస్తోందన్న మాట బ్రేకుల అసమానతకి సరిపోతోంది. ఒక్క జవాబు మాత్రం ఇమడలేదు. బ్రేకు లేనప్పుడు ఎడమకి, వేస్తే కుడికి. ఒకే బండి రెండు దిక్కులకి ఎందుకు లాగుతుంది? కేసంతా ఈ చిక్కు మీదే నడిచింది.

అంతకుముందు జరిగినవి

ఫైల్లో అలైన్‌మెంట్ కాగితాలు ఉన్నాయి. చక్రాల కోణాలు టో, క్యాంబర్, క్యాస్టర్ అన్నీ పచ్చ రంగులోనే, అంటే హద్దుల్లోనే ఉన్నాయి. ఆ కాగితం అబద్ధం చెప్పలేదు. కానీ అలైన్‌మెంట్ మెషిన్ కొలిచేది ప్లేట్ల మీద నిలబడి ఉన్న బండిని. బ్రేకు వేసినప్పుడు చక్రాన్ని వెనక్కి నెట్టే బలం అక్కడ లేదు. నిలబడ్డప్పుడు సరిగ్గా ఉండి, బ్రేకు పడితేనే కదిలే భాగం ఏదైనా ఉంటే ఆ మెషిన్‌కి దొరకదు. అలైన్‌మెంట్ మళ్ళీ చేయించడంలో అర్థం లేదని ఇక్కడే తేల్చుకున్నాను.

కొత్త టైర్లు కూడా బ్రేకు లేనప్పటి లాగుడుకి మందు కావచ్చేమో గానీ, బ్రేకు వేస్తేనే వచ్చేదానికి కాదు. అయినా ముందు టైర్లని ఎడమది కుడికి, కుడిది ఎడమకి మార్చి చూశాం. పావుగంట పని, ఖర్చు లేదు, ఒక అనుమానం పూర్తిగా తీరిపోతుంది. తేడా రాలేదు. గాలి నాలుగింటిలో సమానంగా ఉంది.

తర్వాత మా కుర్రాడు హైవే మీద కొంత దూరం, బ్రేకు వీలైనంత తక్కువ వాడుతూ నడిపి తెచ్చాడు. ఆపిన వెంటనే టెంపరేచర్ గన్‌తో డిస్కులు చూశాం. ఎడమది 118 డిగ్రీలు, కుడిది 64. చక్రాలు ఎత్తి చేత్తో తిప్పితే ఎడమది బరువుగా తిరుగుతోంది.

ఇక్కడ చాలామంది ఆగిపోతారు. ఎడమ బ్రేకు పట్టుకుని ఉంది, అదే దోషం అంటారు. బ్రేకు లేనప్పుడు కాస్త ఎడమకి పోవడానికి అది సరిపోతుంది కూడా. కానీ ఎడమ బ్రేకు ఎక్కువ పడుతుంటే, గట్టిగా వేసినప్పుడు ఇంకా ఎడమకి లాగాలి. ఓనరు చెప్పేది కుడికి. వేడిగా ఉన్న పక్క బలంగా ఉన్న పక్కే అవ్వాలని లేదు. ఆ మాట రుజువు కావాలంటే చక్రం విప్పాలి.

విప్పేముందు ఇంకో చిన్న పరీక్ష చేశాం. ఎడమ కాలిపర్ మీద ఆయిల్ బయటికి వదిలే మర, అంటే బ్లీడర్ నిపుల్, కొద్దిగా వదులు చేశాం. లైన్లో ఒత్తిడి నిలిచిపోయి పట్టుకుని ఉంటే, ఆయిల్ చుక్క బయటికి రాగానే చక్రం వదిలేస్తుంది. లోపల వాచి మూసుకుపోయిన బ్రేకు హోస్ అయినా, పెడల్ తొక్కితే ఆయిల్ని నెట్టి, తిరిగి వదలని మాస్టర్ సిలిండర్ అయినా అప్పుడు దొరికిపోతుంది. చక్రం వదల్లేదు. అంటే ఆయిల్ వైపు తప్పు లేదు, ఇనుము వైపే ఎక్కడో బిగుసుకుంది. రెండు నిమిషాల పరీక్ష ఇది. దీంతో హోస్, మాస్టర్ సిలిండర్ రెండూ మార్చే ఖర్చు తప్పింది.

ఎడమ చక్రం లోపల

అల్లాయ్ వీల్ కమ్మీల సందుల్లోంచి చూస్తే బయటి ప్యాడ్ అంచు కనిపిస్తుంది. దాన్ని చూసే చివరి సర్వీసు బిల్లులో "ఫ్రంట్ ప్యాడ్ 60 శాతం" అని రాశారు. ఆ అంకె తప్పు కాదు. వెర్నియర్‌తో కొలిస్తే ఎడమ బయటి ప్యాడ్ 7 మి.మీ. ఉంది. లోపలి ప్యాడ్ ఒక చివర మూడున్నర, రెండో చివర 2 మి.మీ. కూడా లేదు. కుడి చక్రానికి లోపల 6, బయట ఆరున్నర.

కారణం కాలిపర్ పనితీరులోనే ఉంది. ఈ రకం కాలిపర్‌కి పిస్టన్ ఒకటే, అదీ లోపలి వైపే. అది లోపలి ప్యాడ్‌ని డిస్కుకి నొక్కుతుంది. ఆ ఎదురు బలానికి కాలిపర్ మొత్తం రెండు పిన్నుల మీద జరిగి, బయటి ప్యాడ్‌ని అవతలి వైపు నుంచి లాగి నొక్కుతుంది. పిన్నులు జారాలి. జారకపోతే లోపలి ప్యాడ్ ఒక్కటే పని చేస్తుంది, బయటిది పేరుకి ఆనుకుంటుంది. గట్టి బ్రేకులో ఆ చక్రానికి రావాల్సిన బలం రాదు. కుడి చక్రానికి పూర్తి బలం వస్తుంది. బండి కుడికి తిరుగుతుంది. బ్రేకు వదిలాక కూడా పక్కకి వాలిన కాలిపర్ పూర్తిగా వెనక్కి రాదు కాబట్టి లోపలి ప్యాడ్ రాసుకుంటూనే ఉంటుంది. అందుకే వేడి, అందుకే మామూలుగా పోయేటప్పుడు ఎడమ వైపు కొంచెం మొగ్గు. రెండు దిక్కుల లాగుడుకీ ఒకే పిన్ను కారణం.

ప్యాడ్ ఇలా లోపల అరగడానికి పిస్టన్ వెనక్కి పోకపోవడం కూడా కారణం కావచ్చు. దాన్ని తేల్చకుండా పిన్నుల మీద నేరం మోపకూడదు. క్లాంపు పెట్టి నెడితే పిస్టన్ సాఫీగా వెనక్కి వెళ్ళింది, డస్ట్ బూట్ చిరగలేదు. పై పిన్ను చేత్తో కదిలింది. కింది పిన్ను కదల్లేదు. పానా వేసి, అటూ ఇటూ తిప్పుతూ చాలాసేపటికి బయటికి తీశాం. కిందనున్న రబ్బరు బూట్ మడత దగ్గర పగిలి ఉంది. పిన్ను నడిమి భాగమంతా ఎర్రటి తుప్పు, గోరుతో తడిమితే గుంటలు తెలుస్తున్నాయి. పిన్ను కొస మీదుండే రబ్బరు తొడుగు ఉబ్బి, జిగురుగా, రంధ్రానికి పట్టేసి ఉంది. దాని మీద పసుప్పచ్చ గ్రీజు. బేరింగులకీ, చాసిస్‌కీ కొట్టే మామూలు గ్రీజు అది.

అంటే ఎప్పుడో ఒకరు ఈ పిన్ను తీశారు, శ్రద్ధగా గ్రీజు కూడా పెట్టారు. కానీ బ్రేకుల్లో వాడే రబ్బరుకి పెట్రోలియం గ్రీజు పడదు, ఉబ్బిపోతుంది. ఇక్కడ సిలికాన్ గ్రీజు వాడాలి. ఒక పక్క తొడుగు ఉబ్బి బిగిసింది, ఇంకో పక్క పగిలిన బూట్‌లోంచి ఉప్పునీరు దిగింది.

ఫైల్లో ఇంకో సూచన కూడా ఉంది. చివరి బిల్లుల్లో వరసగా "బ్రేక్ ఆయిల్ టాప్ అప్" అని కనిపించింది. ప్యాడ్లు అరిగేకొద్దీ పిస్టన్ ముందుకొస్తుంది, దాని వెనక ఖాళీలోకి ఆయిల్ దిగుతుంది, డబ్బాలో మట్టం తగ్గుతుంది. ఆ మట్టం తగ్గడమే ప్యాడ్లు చూడమని బండి చెప్పే మాట. ఎందుకు తగ్గిందో చూడకుండా ఆయిల్ పోస్తే ఆ మాట అక్కడే ఆగిపోతుంది. పైగా పాతదాని మీద కొత్తది పోశారు తప్ప, ఆయిల్ మొత్తం మార్చినట్టు ఏ బిల్లులోనూ లేదు. చాలా బండ్ల పుస్తకాల్లో రెండేళ్ళకోసారి మార్చమని ఉంటుంది. బ్రేక్ ఆయిల్ గాలిలోని తేమని పీలుస్తుంది. డాట్ 4 అనే గ్రేడు బ్రేక్ ఆయిల్ కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల దాకా మరగకూడదు. 3.7 శాతం నీరు పీల్చాక ఆ హద్దు 155కి పడిపోతుంది. ఒక చక్రం ఊరికే వేడెక్కుతూ ఉన్న బండికి ఇది చిన్న విషయం కాదు.

మొదటి మరమ్మత్తు, అది నిలవకపోవడం

కాలిపర్ పిన్ను, బూట్ కిట్ ఒంగోలులో దొరకలేదు. తెప్పించాలి. అప్పుడు చెరువులో పట్టుబడి సమయం, బండి లేకపోతే ఓనరుకి పని నడవదు. ఉన్న దారులు రెండు. బండిని ఆపేయడం, లేదా పిన్నుని రుద్ది శుభ్రం చేసి, సరైన గ్రీజు పెట్టి, ప్యాడ్లు మార్చి, వేగం తగ్గించి నడపమని చెప్పి పంపడం. ప్యాడ్లు, ఆయిల్ ఎలాగూ మార్చాల్సినవే. రెండో దారి ఎంచుకున్నాం, ఇది కిట్ వచ్చేదాకానే అని జాబ్ కార్డు మీద రాసి సంతకం తీసుకున్నాం.

లాగుడు చాలావరకు తగ్గింది, పూర్తిగా పోలేదు. కొన్నాళ్ళకి మళ్ళీ మొదలైంది. గుంటలు పడిన పిన్నుని ఎంత రుద్దినా గుంట గుంటే. పగిలిన బూట్‌తో ఎంత మంచి గ్రీజు అయినా చెరువు గట్టు మీద నిలవదు. పిన్ను పైపొర ఒకసారి దెబ్బతింటే శుభ్రం చేయడం మరమ్మత్తు కింద లెక్క కాదని ఇప్పుడు మా షెడ్డులో పద్ధతి.

కిట్ వచ్చాక ముందు రెండు పక్కలా పిన్నులు, బూట్లు, తొడుగులు కొత్తవి వేశాం. డిస్కు అంచు మీద కనీస మందం అచ్చు వేసి ఉంటుంది. కొలిస్తే రెండూ దానికి పైనే ఉన్నాయి, డిస్కులు అలాగే ఉంచాం. ఈసారి హైవే తిప్పి చూస్తే రెండు డిస్కుల వేడి దాదాపు సమానం. మామూలుగా పోయేటప్పుడు ఎడమ మొగ్గు పోయింది.

అయినా 80 నుంచి గట్టిగా వేస్తే స్టీరింగ్ కుడికి చిన్నగా తిరుగుతూనే ఉంది. మునుపటి భయం లేదు గానీ, ఉంది.

మిగిలిన లాగుడు

బ్రేకు బలం రెండు పక్కలా సమానమని వేడే చెబుతోంది. బలం సమానమైనా బండి తిరుగుతోందంటే, ఆ బలం పడ్డప్పుడు ఒక చక్రం తన చోటు నుంచి కదులుతోంది. ఇక్కడ ఓనరు రెండో మాటగా చెప్పిన లొడలొడ శబ్దం మొదటి మాట అయింది.

బండిని రెండు స్తంభాల లిఫ్ట్ మీద ఎత్తి చూశాం. చక్రాన్ని బండి చట్రానికి కలిపే లోయర్ ఆర్మ్ కీళ్ళలో ఉండే రబ్బరు బుష్‌లు బాగానే కనిపించాయి. నమ్మలేదు. ఈ లిఫ్ట్ మీద చక్రాలు కిందికి వేలాడతాయి. బండి బరువు బుష్ మీద ఉండదు, రబ్బరు చీలిక మూసుకుని ఉంటుంది. సర్వీసులో బుష్‌లు చూసే పద్ధతి దాదాపు అన్ని చోట్లా ఇదే, అదీ టార్చి వేసి ఒక చూపు.

బండిని నేల మీద దించాం. ఒకరు సీట్లో కూర్చుని బ్రేకు సగం తొక్కి, మొదటి గేరులో ఒక అడుగు ముందుకి, రివర్సులో ఒక అడుగు వెనక్కి. ఇంకొకరు దూరంగా పక్కన కూర్చుని, మడ్‌గార్డు అంచుకీ టైరుకీ మధ్య సందు చూడాలి. ఎడమ చక్రం దాదాపు కదల్లేదు. కుడి చక్రం ప్రతిసారీ వెనక్కి ముందుకి కంటికి తెలిసేలా జరుగుతోంది, దాంతో పాటే ఆ శబ్దం. చక్రానికి దగ్గరగా చేతులు పెట్టి ఈ పరీక్ష చేయకూడదు. మా కుర్రాళ్ళకి ఇది గట్టిగా చెబుతాను.

ఇప్పుడు ఎక్కడ చూడాలో తెలుసు కాబట్టి, లివర్ రాడ్ పెట్టి కుడి ఆర్మ్ వెనక బుష్‌ని మెల్లగా నెట్టాం. రబ్బరు లోపలి గొట్టం నుంచి అర్ధచంద్రాకారంలో విడిపోయి నోరు తెరిచింది. రాడ్ తీస్తే మూసుకుంది. బ్రేకు పడ్డప్పుడు ఈ చీలిక తెరుచుకుని చక్రం వెనక్కి జరిగితే కుడి పక్క క్యాస్టర్, అంటే చక్రం తిరిగే ఇరుసు వెనక్కి వాలే కోణం, తగ్గుతుంది. క్యాస్టర్ తక్కువున్న వైపుకే బండి లాగుతుంది. బ్రేకు వదలగానే చక్రం తన చోటికి వస్తుంది, అలైన్‌మెంట్ కాగితం మళ్ళీ పచ్చగా ఉంటుంది.

ఎడమ బుష్‌కీ అదే వయసైతే, అదే ఉప్పైతే, కుడిదే ఎందుకు చినిగింది? ఈ ప్రశ్న వదిలేస్తే కొత్త బుష్ కూడా అలాగే పోతుంది. ఓనరుని అడిగితే గుర్తు చేసుకున్నారు. ఒక వానాకాలంలో నీళ్ళు నిలిచిన గుంతలో పడి కుడి ఆర్మ్ వంగితే రోడ్డు పక్కనే కొత్తది వేయించారు. అంటే చినిగింది పాత బుష్ కాదు, రెండింట్లో కొత్తది. బహుశా చక్రం వేలాడుతుండగానే బుష్ బోల్టు బిగించి ఉంటారు. ఈ బుష్ లోపలి గొట్టం బోల్టు బిగింపుతో కదలకుండా నిలుస్తుంది, కదలికంతా రబ్బరే మెలితిరిగి భరిస్తుంది. వేలాడే స్థితిలో బిగిస్తే, బండి నేల మీద ఊరికే నిలబడ్డప్పుడు కూడా రబ్బరు మెలిపడే ఉంటుంది. దాని మీద గతుకులు, మేత బస్తాల బరువు. ఏళ్ళు రావాల్సిన రబ్బరు త్వరగా చినుగుతుంది.

బుష్ ఒక్కటే ప్రెస్ చేసి మార్చాలా, ఆర్మ్ మొత్తం మార్చాలా అని ఆలోచించాం. బుష్ వందల్లో పోతుంది, ఆర్మ్ వేలల్లో. ఆర్మ్ వంకర లేదు, బాల్ జాయింట్ బూట్ చిరగలేదు, ఆట లేదు. బుష్ చాలు అనుకున్నాం. ఎడమ బుష్ పైన చిన్న పగుళ్ళు మొదలయ్యాయి కాబట్టి రెండు పక్కలా వేశాం. రబ్బరులోని ఖాళీలు ఏ దిక్కుకి ఉండాలో పాతది తీసేముందే ఆర్మ్ మీద గీత పెట్టుకున్నాం. బోల్టులు చేత్తో పట్టించి, బండిని నేల మీదకి దించి, రెండు మూడుసార్లు కుదిపి, బరువు పడ్డాకే టార్క్ రెంచ్‌తో బిగించాం. తర్వాతే అలైన్‌మెంట్. కొత్త ప్యాడ్లు కుదురుకోవడానికి ఖాళీ రోడ్డు మీద 50 నుంచి మెల్లగా, మధ్యలో చల్లారనిస్తూ బ్రేకులు వేశాం. ఆ తర్వాత 80 నుంచి పరీక్ష. స్టీరింగ్ తిరగలేదు.

సర్వీసులో ఎందుకు దొరకలేదు

సర్వీస్ షెడ్యూల్ చదివితే అందులో రెండే క్రియలు కనిపిస్తాయి: మార్చాలి, చూడాలి. ఇంజిన్ ఆయిల్, ఆయిల్ ఫిల్టర్, ఎయిర్ ఫిల్టర్, డీజిల్ ఫిల్టర్ మార్చాల్సినవి. వాటికి పార్టు నంబరు ఉంటుంది, బిల్లులో వరస ఉంటుంది, స్టోరు నుంచి వస్తువు బయటికి రావాలి. మార్చకపోతే లెక్కలో దొరికిపోతుంది. ప్యాడ్లు, పిన్నులు, బుష్‌లు, బూట్లు, హోస్‌లు, ఇంజిన్ మౌంట్లు, బెల్టు టెన్షనర్, స్ట్రట్ మౌంట్, వీల్ బేరింగ్ చూడాల్సినవి. వాటికి మిగిలేది ఒక టిక్కు మార్కు. చక్రం విప్పి కొలిచి పెట్టిన టిక్కు, దూరం నుంచి చూసి పెట్టిన టిక్కు కాగితం మీద ఒకేలా ఉంటాయి.

చూసే మనిషి సోమరి అని నేను అనను. ఒక మెకానిక్‌కి ఒక బండికిచ్చే సమయం ముందే లెక్కేసి ఉంటుంది. ఆయిల్ సర్వీసుకి నాలుగు చక్రాలూ విప్పనక్కర్లేదు. కాలిపర్ పైకెత్తి పిన్నులు లాగి చూడటానికి అదనంగా పట్టే సమయానికి కస్టమరు దగ్గర లేబర్ రాయరు. బండి వాషింగ్ బాగా లేకపోతే ఓనరు వెంటనే అడుగుతాడు. పిన్ను లాగి చూడలేదని ఏ ఓనరూ అడగడు, అతనికి పిన్ను ఉందనే తెలీదు.

కిలోమీటర్ల లెక్క ఇంకో సమస్య. ఇంజిన్ ఆయిల్‌కి కిలోమీటర్లు ఒక మాదిరి సరైన కొలత. రబ్బరుకీ, పిన్నుకీ కాదు. కనిగిరి వైపు నుంచి ఇదే మోడలు బండి, ఇంతకంటే చాలా ఎక్కువ తిరిగింది, మా దగ్గరికి వచ్చింది. దాని కాలిపర్ పిన్నులు రెండు వేళ్ళతో లాగితే వచ్చాయి. చెరువు గట్టు మీద రాత్రంతా నిలబడ్డ బండి ఒక్క కిలోమీటరు తిరగకపోయినా పిన్ను తుప్పు పడుతుంది. చాలా కార్ల ఓనర్ మాన్యువల్‌లో దుమ్ము, బురద, ఉప్పు, బరువు, దగ్గరి దూరాల ప్రయాణాలకి వేరే షెడ్యూల్ ఉంటుంది. కఠిన పరిస్థితుల వాడకం అన్న పేరుతో చివరి పేజీల్లో వస్తుంది. మన తీరంలో సగం బండ్లు ఆ పేజీ కిందికే వస్తాయి. సర్వీసుకి వెళ్ళినప్పుడు మాత్రం మొదటి పేజీ షెడ్యూలే జరుగుతుంది, ఎందుకంటే బండి ఎక్కడ తిరుగుతుందని కౌంటర్ దగ్గర ఎవరూ అడగరు, ఓనరూ చెప్పడు.

నడిపే మనిషి సంగతి కూడా చెప్పాలి. ఈ లాగుడు ఒక్కరోజులో రాలేదు. వచ్చిన కొద్దీ ఆయన చేతులు తెలియకుండానే స్టీరింగ్‌ని ఎడమకి పట్టుకోవడం నేర్చుకున్నాయి. ఇంట్లో వేరే మనిషి ఒకసారి నడిపి "ఇదేంది ఇట్టా లాగుతోంది" అన్నప్పుడే ఆయనకి తెలిసింది. అందుకే అనుమానమున్న బండిని మా షెడ్డులో ఓనరు కాకుండా వేరే ఇద్దరు నడిపి చూస్తారు.

మేం మార్చుకున్నవి

"చూడాలి" అన్న ప్రతి వరస పక్కనా టిక్కు బదులు అంకె పెట్టడం మొదలుపెట్టాం. ప్యాడ్ అయితే నాలుగు అంకెలు: ఎడమ లోపల, ఎడమ బయట, కుడి లోపల, కుడి బయట, మిల్లీమీటర్లలో. లోపలికీ బయటికీ తేడా 2 మి.మీ. దాటితే ప్యాడ్ ఎంత మిగిలినా సరే, పిన్నులు లాగి చూడాల్సిందే. బ్రేక్ ఆయిల్ మట్టం తగ్గితే ప్యాడ్లు కొలవకుండా, లీకు వెతకకుండా ఒక్క చుక్క పోయకూడదు. బుష్‌లకి అంకె లేదు కాబట్టి, నేల మీద ముందుకి వెనక్కి జరిపి చూసి, లివర్ పెట్టినప్పుడు ఫోటో తీసి ఓనరుకి పంపుతాం. ఫోటో చూసిన ఓనరుతో మాట్లాడటం తేలిక. చీలిక కనిపిస్తుంది, లేదంటే లేదు.

టైరుకి గాడి లోతు కొలుస్తాం. 1.6 మి.మీ. చట్టం పెట్టిన హద్దు, ఆ మట్టానికే గాడిలో చిన్న రబ్బరు దిబ్బలు ఉంటాయి. దాంతో పాటు టైరు పక్కనున్న నాలుగంకెల తేదీ కూడా రాస్తాం. 2319 అంటే 2019లో 23వ వారం తయారైందని. తీరం వైపు బండ్లలో గాడి నిండుగా ఉండి పక్క గోడ పగిలిన టైర్లు చాలా చూస్తున్నాం.

ఓనర్లకి చెప్పేది కూడా కాస్త మారింది. సర్వీసుకి ఇచ్చేటప్పుడు "ఏమైనా ప్రాబ్లమ్ ఉందా" అని అడిగితే "ఏం లేదు" అని తాళం ఇచ్చి రావద్దు. బండి చెరువుల్లో తిరుగుతుందా, క్వారీ రోడ్లో తిరుగుతుందా చెప్పండి. ముందు ప్యాడ్లు లోపలిదీ బయటిదీ కొలిచి బిల్లు మీద రాయమని అడగండి. చక్రం విప్పినందుకు లేబర్ అడిగితే ఇవ్వండి. ఆ డబ్బు ప్యాడ్ కంటే, డిస్కు కంటే చాలా తక్కువ.

తర్వాత

ఈ బండికి కిలోమీటర్లతో సంబంధం లేకుండా ఆరు నెలలకోసారి, అందులో ఒకటి ఈశాన్య రుతుపవనాల వానలు తగ్గాక, బ్రేకులు విప్పి చూడాలని కార్డు రాసిచ్చాం. మొదటిసారి వచ్చినప్పుడు ఎడమ ప్యాడ్లు లోపల 8.6, బయట 8.8. కుడివి 8.7, 8.8. పిన్నులు చేత్తో జారాయి. బూట్ మడతల్లో ఉప్పు పొర ఉంది, నీళ్ళతో కడిగి ఆరబెట్టాం. చెరువు నుంచి తారు రోడ్డెక్కాక చక్రాల లోపలి వైపు మంచినీళ్ళు కొట్టమని చెప్పిన మాట ఓనరు వారానికోసారి పాటిస్తున్నారట.

అదే రోజు వెనక డ్రమ్ములు తీస్తే షూలని డ్రమ్ముకి నెట్టే ఎడమ వీల్ సిలిండర్ రబ్బరు వెనక తడి కనిపించింది. ఇంకా కారడం లేదు, షూల మీదకి రాలేదు. అప్పుడే సిలిండర్లు రెండూ మార్చేశాం. ముందు షాక్ అబ్జార్బర్ పైకొస బండికి ఆనే చోట, ఎడమ స్ట్రట్ మౌంట్ దగ్గర, స్టీరింగ్ పూర్తిగా తిప్పినప్పుడు సన్నటి శబ్దం ఉంది. అక్కడి బేరింగ్ ఇంకా బిగుసుకోలేదు. దాన్ని తేదీతో కార్డులో రాసి, వచ్చే ఆరు నెలలకి మొదట చూడాల్సిన వరసగా పెట్టాం.